కామా మింగేసిన ఉల్లి ధర

కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లి కొనే ఒక వ్యాపారి కోసం, క్వింటా ధరనూ తూకాన్నీ నమోదు చేస్తే రైతుకు రావలసిన మొత్తాన్ని లెక్కగట్టే చిన్న వెబ్ పేజీని తయారుచేశాను. మొదటి వారంలోనే గుమాస్తాగారు ఫోన్ చేసి, 12 క్వింటాళ్లకు పన్నెండే రూపాయలు చూపుతోందని చెప్పారు. ఆయన ధరను "1,850" అని కామాతో రాశారు. చిట్టా రాసే చేతికి అది సహజమే, తప్పు నాదే. పేజీ రాసిన జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో, అక్షరాలుగా అందిన విలువను సంఖ్యగా మార్చే పార్స్‌ఫ్లోట్ అనే ఫంక్షన్ ఎడమ నుంచి చదువుతూ, సంఖ్యలో ఇమడని గుర్తు తగలగానే ఆగిపోయి, అంతవరకు చదివిన 1ని మాత్రమే ఇస్తుంది. పొరపాటు జరిగిందన్న మాటే చెప్పదు.

దాని బదులు నంబర్ అనే ఫంక్షన్‌ను వాడితే, కామా ఉన్న విలువ సంఖ్య కాదని తేలింది గాని, ఖాళీగా వదిలిన గడి సున్నాగా మారి విలువ సంఖ్య కాదేమో చూసే ఈజ్‌నాన్ పరీక్షను దర్జాగా దాటిపోయింది.

చివరకు అటూ ఇటూ ఉన్న ఖాళీలనూ, మధ్యలోని కామాలనూ తీసివేసి, మిగిలినదంతా అంకెలూ, ఉంటే ఒకే ఒక దశాంశ బిందువూ మాత్రమేనా అని రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో (అక్షరాల అమరికను పోల్చి చూసే సూత్రంతో) సరిచూసి, ఆ తరువాతే సంఖ్యగా మార్చి, అది సున్నా కన్నా ఎక్కువైతేనే లెక్కకు పంపాను. బ్రౌజర్‌లో స్క్రిప్టును ఎవరైనా ఆపివేయగలరు కనుక అదే పరీక్షను సర్వర్‌లోనూ పెట్టాను. ఇప్పుడు అదే కామాతో రాసినా 22,200 రూపాయలే వస్తోంది.