ట్రాలీ లాగడానికి ఫోర్‌వీల్ డ్రైవ్ కావాలా?

చేపల చెరువుకి నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ యంత్రాలో, చిన్న పడవో ట్రాలీ మీద వేసుకెళ్లడానికి పెద్ద ఫోర్‌వీల్ డ్రైవ్ బండి కొందామనుకుంటున్నారా? కాస్త ఆగండి. భీమవరం, అమలాపురం వైపు రోడ్లకి వంతెనలు తప్ప పెద్దగా ఎత్తులే ఉండవు. ముందు చూడాల్సింది, బండి ఎంత బరువు లాగగలదని మాన్యువల్‌లో రాశారో అది. ట్రాలీ, సరుకు కలిపి అంతకు లోపే ఉండాలి. నాలుగు చక్రాలకీ పవర్ వెళ్లినంత మాత్రాన బ్రేకులేమీ మెరుగ్గా పనిచేయవు. సరుకుని ట్రాలీ ఇరుసుకి కొంచెం ముందుకి సర్దండి, మొత్తం బరువులో సుమారు పదోవంతు హుక్కు మీద పడేలా. బరువు వెనక్కి పోతే ట్రాలీ పాములా ఊగుతుంది, స్పీడులో మరీను. ఫోర్‌వీల్ నిజంగా పనికొచ్చేది వాన పడ్డ చెరువుగట్టు మీద, రేవు బురదలో. ఆ కాసేపటికీ ఊళ్లో ట్రాక్టరు అద్దెకి దొరుకుతుంది కదండీ!