పాత ఉబుంటులో ప్యాకేజీలు – 4వ పాఠం: రిపోజిటరీ (ప్యాకేజీలు దొరికే సర్వర్) అడ్రస్ మార్చడం

పర్లాకిమిడి, గుణుపురం వైపు డీటీపీ షాపుల్లో ఒకే సిస్టమ్ మీద పొద్దున ఒడియాలో అర్జీ, సాయంత్రం తెలుగులో శుభలేఖ కొట్టాల్సి వస్తుంది. ఐబస్-ఎం17ఎన్ ప్యాకేజీ ఒక్కటి ఎక్కిస్తే రెండు భాషల కీబోర్డులూ వస్తాయి. కానీ ఉబుంటు (లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) 20.10 ఉన్న సిస్టమ్‌లో టెర్మినల్ తెరిచి ‘సుడో ఆప్ట్ అప్‌డేట్’ (ప్యాకేజీల జాబితా తెచ్చే కమాండ్) కొట్టగానే ‘404 నాట్ ఫౌండ్’ అంటుంది. నెట్ పోయిందేమోనని టెన్షన్ పడకండి. సర్వర్ పలికింది, మనమడిగిన ఫైలు అక్కడ లేదు, అంతే.

20.10 లాంటి రిలీజులకు సపోర్ట్ 9 నెలలే. 2020 అక్టోబరులో వచ్చిన దీనికి 2021 జూలైతో గడువు తీరింది. దాని ప్యాకేజీలను ‘ఓల్డ్-రిలీజెస్ డాట్ ఉబుంటు డాట్ కామ్’కు తరలించారు. ఇల్లు ఖాళీ చేసి వెళ్లినవాళ్ల కోసం మన సిస్టమ్ ఇంకా పాత గుమ్మం దగ్గరే తలుపు కొడుతోంది. (18.04 లాంటి ఎల్‌టీఎస్, అంటే ఎక్కువకాలం సపోర్ట్ ఉండే రిలీజులు వాడేవాళ్లు ఇది చేయొద్దు. వాటి ప్యాకేజీలు మామూలు సర్వర్‌లోనే ఉన్నాయి.)

ఈటీసీ ఫోల్డర్‌లో ఆప్ట్, అందులో ‘సోర్సెస్ డాట్ లిస్ట్’ ఫైలు ఉంటుంది. ముందు దానికి కాపీ తీసి పెట్టుకోండి. తర్వాత సుడోతో (అడ్మిన్ అధికారంతో) నానో అనే టెక్స్ట్ ఎడిటర్‌లో తెరవండి. మన దేశంలో ఇన్‌స్టాల్ చేసినవాటిలో ఎక్కువగా ‘ఇన్ డాట్ ఆర్కైవ్ డాట్ ఉబుంటు డాట్ కామ్’ అని కనిపిస్తుంది. కంట్రోల్, బ్యాక్‌స్లాష్ కలిపి నొక్కి ఆ పేరంతా ఇచ్చి, బదులుగా ఓల్డ్-రిలీజెస్ అడ్రస్ ఇవ్వండి. ‘ఇన్ డాట్’ మిగిలిపోతే మళ్లీ ఎర్రరే. ‘సెక్యూరిటీ డాట్ ఉబుంటు డాట్ కామ్’ ఉన్న లైన్లకూ ఇదే పని. కంట్రోల్-ఓ, ఎంటర్ కొట్టి సేవ్ చేసి, కంట్రోల్-ఎక్స్‌తో బయటికి రండి. ఇప్పుడు అప్‌డేట్ కొట్టి, ఐబస్-ఎం17ఎన్ ఇన్‌స్టాల్ చేసి, లాగౌటై మళ్లీ రండి. సెట్టింగ్స్‌లో ఇన్‌పుట్ సోర్సెస్ కింద తెలుగు, ఒడియా జోడించుకోవచ్చు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఆ లైన్లలో ‘గ్రూవీ’ అన్న రిలీజ్ పేరు (20.10కి పెట్టిన పేరు) తీసి కొత్త రిలీజ్ పేరు పెట్టకండి. కొత్త ప్యాకేజీ కొత్త లైబ్రరీలు అడుగుతుంది, అవి వస్తే పాతవాటిమీద ఆధారపడ్డ ప్రోగ్రాములు కూలతాయి. అలా సగం కొత్త, సగం పాతగా మిగిలిన సిస్టమ్‌ను బాగుచేయడం చాలా కష్టం. ప్యాకేజీల డిజిటల్ సంతకం సరిచూడకుండా ఎక్కించే ఆప్షన్లూ వాడొద్దు, ఇక్కడ వాటి అవసరమే లేదు.

ఓల్డ్-రిలీజెస్‌లో సెక్యూరిటీ ప్యాచ్‌లు ఇక రావు. కాబట్టి కస్టమర్ల ఆధార్, బ్యాంకు పనులు ఈ సిస్టమ్ మీద చేయకండి. వచ్చే పాఠంలో ఫైళ్లన్నీ బయటికి తీసుకుని, ఎల్‌టీఎస్ కొత్తగా ఎక్కిద్దాం. కనీసం 16 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి సిద్ధంగా ఉంచుకోండి.