నెలసరి లెక్క తప్పినప్పుడు ఏం గమనించాలి, వైద్యురాలికి ఏం చెప్పాలి

దక్షిణ ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు తెలుగు ఇళ్లలో బహిష్టు సంగతి తల్లీకూతుళ్ల మధ్య కూడా సగం మాటలతోనే సాగుతుంది. అందువల్ల ఆసుపత్రికి వెళ్లేనాటికి చాలామంది స్త్రీలు చెప్పగలిగేది ‘ఈమధ్య సరిగా రావడం లేదు’ అన్న ఒక్క మాటే. ఆ మాటను బట్టి ఏ వైద్యురాలూ కారణం పట్టుకోలేరు. ఆమెకు తేదీలు కావాలి.

గోడ మీది క్యాలెండరు ఒడియాదైనా తెలుగుదైనా సరే, రక్తం కనిపించిన మొదటి రోజు అంకె చుట్టూ సున్నా చుట్టి, ఆగిన రోజున గీత గీయండి. ఒక నెలసరి మొదటి రోజు నుంచి తరువాతి నెలసరి మొదటి రోజు వరకు ఎన్ని రోజులో లెక్కించాలి గానీ, రక్తం ఆగిన రోజు నుంచి లెక్కించకూడదు. పోయిన నెల 10న వచ్చినది ఈ నెల 6న వస్తే ‘నాలుగు రోజులు ముందే వచ్చేసింది’ అని కంగారు పడతారు. నిజానికి అది 26 లేదా 27 రోజుల వ్యవధి, అందులో దోషమేమీ లేదు. పెద్దయిన స్త్రీకి 24 నుంచి 38 రోజులకొకసారి రావడం, 8 రోజులలోపు ఆగిపోవడం, ఒకసారికీ మరొకసారికీ వారం వరకు తేడా ఉండడం సహజమే. అమావాస్యతోనో పున్నమితోనో గుర్తుపెట్టుకునే పెద్దవాళ్ల లెక్క కూడా పనికివస్తుంది, కాకపోతే పక్కన తేదీ వేసి ఉంచితే ఆసుపత్రిలో ఎవరికైనా అర్థమవుతుంది.

కొత్తగా పెద్దమనిషి అయిన పిల్లకు మొదటి రెండు మూడేళ్లు 21 నుంచి 45 రోజుల మధ్య ఎప్పుడు వచ్చినా భయపడనక్కరలేదు. కానీ మూడు నెలలు దాటినా రాకపోయినా, 15 ఏళ్లు నిండినా మొదలుకాకపోయినా చూపించాలి. మొదటిసారి నుంచే విపరీతంగా రక్తం పోతున్న పిల్లకు రక్తం గడ్డకట్టే గుణంలోనే లోపం ఉండవచ్చు, కాబట్టి చిన్న దెబ్బకు ఒళ్లు కమిలిపోవడం, చిగుళ్ల నుంచి రక్తం రావడం వంటివి ఉంటే అవి కూడా చెప్పండి.

రక్తం ఎక్కువగా పోతోందని ఎలా తెలుస్తుంది? గంటకో రెండు గంటలకో ప్యాడ్ పూర్తిగా తడిసిపోవడం, మార్చుకోవడానికి రాత్రి నిద్ర లేవవలసిరావడం, పదిరూపాయల బిళ్లంత గడ్డలు పడడం దానికి గుర్తులు. రోజుకు ఎన్ని ప్యాడ్లో, ఎన్ని గుడ్డలో అంకె రాసుకోండి.

నెల తప్పినా, తేడాగా రక్తం కనిపించినా, పెళ్లయిన స్త్రీ విషయంలో మొదట తేల్చుకోవలసినది గర్భమే. ఆశా కార్యకర్త దగ్గర మూత్రపరీక్ష కిట్ దొరుకుతుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందన్న ధీమాతో ఈ పరీక్ష మానేయడం మంచిది కాదు. ముఖ్యంగా ట్యూబులు కట్టించుకున్న తరువాత అరుదుగా గర్భం వస్తే అది గర్భసంచి బయట నిలిచే అవకాశం ఎక్కువ. నెల తప్పిన స్త్రీకి పొత్తికడుపులో ఒక పక్క తీవ్రమైన నొప్పి, కళ్లు తిరగడం, భుజం కొసన నొప్పి ఉంటే తెల్లవారేదాకా ఆగకుండా 108కి ఫోను చేయాలి. వరుసగా రెండు గంటలు, గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా అంతే.

ఆ తరువాత, వేసుకుంటున్న మందులు చూసుకోండి. కాపర్ టీ వేయించుకున్న మొదటి నెలల్లో రక్తం ఎక్కువ పోతుంది. గర్భం రాకుండా మూడు నెలలకోసారి తీసుకునే అంతర ఇంజెక్షన్‌తో నెలసరి అస్తవ్యస్తం కావచ్చు, ఆగిపోనూవచ్చు. గర్భం రాకుండా వేసుకునే ఛాయ మాత్రలతో నెలసరి ఆలస్యం కావచ్చు. ఠాకురాణి యాత్రకో పెళ్లికో నెలసరిని వాయిదా వేయడానికి మందులషాపులో కొన్న మాత్రలు ఆపిన రెండు మూడు రోజులకు రక్తస్రావం మొదలవుతుంది. ఆ సంగతి దాచిపెడితే లేని జబ్బుకు పరీక్షలు మొదలవుతాయి.

ఇవేవీ కాకపోతే థైరాయిడ్ లోపం, అండాశయాలలో నీటితిత్తులతో కూడిన హార్మోన్ల తేడా, గర్భసంచిలో గడ్డలు వంటి కారణాలను రక్తపరీక్షతోనూ స్కానింగ్‌తోనూ వెతుకుతారు. అయితే మూడు రకాల రక్తస్రావాన్ని ఏ వయసులోనూ తేలిగ్గా తీసుకోకూడదు: రెండు నెలసరుల మధ్య పదేపదే కనిపించేది, భార్యాభర్తల కలయిక తరువాత కనిపించేది, ముట్టుడిగి ఏడాది దాటాక కనిపించేది. చివరిది ఒక్క చుక్కే అయినా సరే, గర్భసంచి క్యాన్సర్ కాదని పరీక్షతో నిర్ధారించుకోవాలి.

జూన్ నడుమ రజ సంక్రాంతికి భూమాత ఋతుమతి అయిందని దుక్కి ఆపే ఈ ప్రాంతంలోనే, నెలల తరబడి నెత్తురు పోతున్నా ఆడవాళ్లు నోరు విప్పకుండా పొలానికి వెళ్లడం నాకు ఎంతో బాధ కలిగిస్తుంది. హిమోగ్లోబిన్ 12 కన్నా తగ్గితే రక్తహీనతే. ఐరన్ మాత్రను టీతో కాకుండా నిమ్మరసంతో వేసుకోండి. దక్షిణ ఒడిశాలో సికిల్ సెల్ వ్యాధి (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు) ఉన్న కుటుంబాలు కూడా ఉన్నాయి కాబట్టి, ఆ పరీక్ష ఎన్నడూ చేయించుకోనివాళ్లు ఒకసారి అడగాలి.

ఇక గర్భసంచి తీయించుకోవడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద సుమారు 3 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 9 శాతానికి దగ్గరగా ఉన్నారు. సరిహద్దు దాటి వైద్యానికి వెళ్లే మనవాళ్లు ఈ అంకెను గుర్తుంచుకోవాలి. అనవసరమైన గర్భసంచి ఆపరేషన్లను అరికట్టాలని 2023లో సుప్రీంకోర్టు కూడా రాష్ట్రాలను ఆదేశించింది. ‘పిల్లలు పుట్టేశారు కదా, ఇంకెందుకు, తీసేద్దాం’ అనడం కారణం కాదు. ముందుగా రక్తస్రావం తగ్గించే మాత్రలు, హార్మోన్ మాత్రలు, గర్భసంచిలో అమర్చే హార్మోన్ సాధనం, గడ్డను మాత్రమే తీసే పద్ధతి వంటివి ఉన్నాయి. అవి నాకు ఎందుకు సరిపోవు అని అడగండి. 45 దాటిన స్త్రీకి గర్భసంచి లోపలి పొర ముక్క తీసి పరీక్షించారా అని అడగండి. అండాశయాలు కూడా తీస్తారా అని తప్పక అడగండి, ఎందుకంటే ముట్టుడగక ముందే అవి తీసేస్తే ఎముకలు బలహీనపడతాయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది.

ప్రాణాపాయం లేనప్పుడు రెండో వైద్యురాలి అభిప్రాయం తీసుకోవడానికి సమయం ఉంటుంది. శ్రీకాకుళంలో చెప్పినదాన్ని బరంపురంలో ఎంకేసీజీ వైద్య కళాశాల ఆసుపత్రిలో చూపించవచ్చు, బరంపురంలో చెప్పినదాన్ని శ్రీకాకుళంలోనూ చూపించవచ్చు. వెళ్లేటప్పుడు తేదీలు వేసిన క్యాలెండరు కాగితాలు, స్కానింగ్ రిపోర్టులు, వాడిన మందుల చీటీలు ఒకే సంచిలో పెట్టుకోండి. ఆపరేషన్ నిజంగానే అవసరమై చేయించుకుంటే, తీసిన గర్భసంచిని పరీక్షకు పంపమని చెప్పి, ఆ రిపోర్టు కూడా అడిగి తెచ్చుకోండి.