ఓడరేవు కంటైనర్లు లారీ దిగి రైలెక్కాలంటే: దగ్గరి దూరాల షటిల్ నడిపే పద్ధతి

గూడ్స్ రైలు దూరం పోతేనే గిట్టుతుందనేది పాత లెక్క. ఆ లెక్కలో నిజముంది గానీ అది సగమే. సిడ్నీలో పోర్ట్ బోటనీ నుంచి ఎన్‌ఫీల్డ్, చులోరా, యెన్నోరా టెర్మినళ్లకు నడిచే కంటైనర్ రైళ్లు ఆ నగరం దాటి పోవు. దగ్గరి దూరంలో పట్టాల మీద అయ్యే ఖర్చు స్వల్పం. డబ్బూ సమయమూ కరిగిపోయేది రెండు చివర్లలో, అంటే రేవు యార్డులో, రేవుకు దూరంగా కంటైనర్లు ఎక్కించి దించే లోతట్టు టెర్మినల్‌లో. అందుకే పని అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

ముందు గిట్టుబాటు దూరం తేల్చుకోండి

లారీ రేవులో కంటైనర్ ఎక్కించుకుని గోదాము దగ్గర దించేస్తుంది. రైలైతే దాన్ని అదనంగా రెండుసార్లు ఎత్తి దించాలి, చివరి నాలుగు మైళ్లకు మళ్లీ లారీ పెట్టాలి. దూరం ఎంతైనా ఈ ఖర్చు మారదు. దాన్ని లారీ, రైలు కిలోమీటరు ఖర్చుల మధ్య తేడాతో భాగిస్తే గిట్టుబాటు దూరం వస్తుంది.

ఉదాహరణకు ఒక కంటైనర్‌కు కిలోమీటరుకు లారీ ఖర్చు 1 అనుకుందాం. 90 శాతం నిండిన రైలుకు 0.4, చివర్ల ఖర్చు 60 అనుకుందాం. 60ని 0.6తో భాగిస్తే 100 కిలోమీటర్లు. అదే రైలు 60 శాతమే నిండితే 0.4 కాస్తా 0.6 అవుతుంది, గిట్టుబాటు దూరం 150కి జరుగుతుంది. గోదాములు టెర్మినల్ గోడను ఆనుకుని ఉండి చివర్ల ఖర్చు 30కి దిగితే, నిండు రైలుకు 50 కిలోమీటర్లే చాలు. రైల్వేతో రవాణా రేటు బేరమాడటం కంటే టెర్మినల్ స్థలం సరిగ్గా ఎంచుకోవడం ఎక్కువ లాభమని ఈ మూడు అంకెలే చెబుతున్నాయి. సిడ్నీ మూర్‌బ్యాంక్‌లో గోదాములను టెర్మినల్ ఆవరణలోనే కట్టడం వెనక ఉన్న లెక్క ఇదే.

ఈ లెక్కకు కనీసం ఆరు నెలల గేటు రికార్డులు కావాలి. ప్రతి కంటైనర్ సైజు, బరువు, చేరిన చోటు, ఖాళీగా తిరిగొచ్చిన రోజు రాసుకోండి. నెల సగటు చూసి రైలు వేయకండి. ఓడలు గుంపుగా వస్తాయి కాబట్టి ఒక రోజు 200 పెట్టెలు (కంటైనర్లు) ఉంటే మర్నాడు 30 కూడా ఉండకపోవచ్చు. బాగా తక్కువ సరుకున్న రోజుల్లో ఎన్ని వస్తాయో చూసి, ఆ సంఖ్యకు సరిపడా రైళ్లే రోజువారీ టైమ్‌టేబుల్‌లో పెట్టండి. మిగిలింది లారీకే వదిలేయండి.

రేక్ (ఒక రైలు వ్యాగన్ల వరుస మొత్తం) రోజుకు ఎన్నిసార్లు తిరుగుతుంది?

దగ్గరి దూరంలో అసలు ప్రశ్న ఇదే. 80 కిలోమీటర్ల దారిలో సగటు వేగం గంటకు 40 కిలోమీటర్లైతే ప్రయాణం రెండు గంటలు. 45 వ్యాగన్ల రేక్‌లో 40 అడుగులవి 30, 20 అడుగులవి 30 పడతాయనుకుంటే మొత్తం 60 పెట్టెలు. దించడానికి 60, ఎక్కించడానికి 60, కలిపి 120 ఎత్తులు (ఒక పెట్టెను ఒకసారి ఎత్తి పెట్టడం ఒక ఎత్తు). ఒక్కో రీచ్ స్టాకర్ (పొడవాటి చేతితో కంటైనర్లు ఎత్తే యంత్రం) గంటకు 20 ఎత్తులు చేస్తే రెండు యంత్రాలకు మూడు గంటలు. రేక్‌ను లైన్లో పెట్టడానికి, తనిఖీకి, బ్రేక్ పరీక్షకు ఇంకో గంట వేసుకోండి. రాకపోకలకు నాలుగు గంటలు, రెండు చివర్లలో నాలుగేసి గంటలు, మొత్తం 12. అంటే రోజుకు రెండు ట్రిప్పులు.

ఒక యంత్రం చెడిపోతే ఆ చివర నాలుగు గంటల పని ఏడు గంటలవుతుంది, రానూపోనూ మొత్తం సమయం 15 గంటలకు పెరుగుతుంది. చూడ్డానికి మూడే గంటల ఆలస్యం. కానీ లైన్ మీద కేటాయించిన సమయం దాటిపోతే తర్వాతి ఖాళీ దాకా ఆగాలి, కాబట్టి ఆ రోజు రెండో ట్రిప్పు పోయినట్టే. రైలు వేగం 40 నుంచి 50కి పెంచితే మిగిలేది రానూపోనూ 48 నిమిషాలే. అందువల్ల పెట్టుబడి పరిమితంగా ఉంటే ముందు అదనపు రీచ్ స్టాకర్ కొనండి.

షటిల్ రేక్‌ను విడదీయకూడదు. ఒక గమ్యం, ఒక రేక్, అదే కూర్పు. మధ్యలో ఏదో యార్డులో నాలుగు వ్యాగన్లు తగిలించాలన్న కోరిక ఎప్పుడూ వస్తుంది. ఒప్పుకుంటే షంటింగ్‌కు (వ్యాగన్లను విడదీసి, కలిపి, జరపడానికి) పోయే గంటలు ఆ నాలుగు వ్యాగన్ల రాబడిని మింగేస్తాయి.

లైన్లు, నేల

ఒక్కో వ్యాగన్ సుమారు 14 మీటర్లు, 45 వ్యాగన్లకు 630. ఇంజిన్‌కూ ఆగే ఎడానికీ కలిపి సూటిగా 700 మీటర్ల లైన్ కావాలి. 350 మీటర్లే ఉంటే రేక్‌ను రెండు ముక్కలు చేయక తప్పదు. వచ్చినప్పుడూ పోయేటప్పుడూ ఆ పని, ప్రతిసారీ బ్రేక్ పైపులు తగిలించి మళ్లీ పరీక్ష. చివర్లో ఇంజిన్ తప్పుకుని రెండో కొసకు రావడానికి పక్క లైన్ ఉంచండి, లేకపోతే ఇంజిన్ రేక్ వెనకే చిక్కుకుపోతుంది. వాలు దాదాపు సున్నా ఉండాలి, విడిచిన వ్యాగన్లు దొర్లకూడదు.

ఎత్తి దించే లైన్ మీద కరెంటు తీగ ఉండకూడదు, రీచ్ స్టాకర్ చెయ్యి పైకి లేస్తుంది. తీగను టెర్మినల్ ముఖద్వారం దగ్గరే ఆపి, అక్కడి నుంచి డీజిల్ ఇంజిన్‌తో లోపలికి నెట్టించండి.

నేల విషయంలో పొదుపు చేయొద్దు. 45 టన్నులు ఎత్తే రీచ్ స్టాకర్ నిండు బరువుతో ఉన్నప్పుడు ముందు ఇరుసు మీద దాదాపు 100 టన్నులు పడతాయి. మామూలు తారు రోడ్డు మొదటి వేసవికే గాడులు పడుతుంది. మందమైన కాంక్రీటు వేయాలి, పట్టాల వెంబడి నీరు నిలవకుండా కాలువ తీయాలి.

దారిలో లెవెల్ క్రాసింగ్‌లు ఎన్ని ఉన్నాయో ముందే లెక్కపెట్టండి. రోజుకు నాలుగుసార్లు 700 మీటర్ల రైలు గేటు దగ్గర నెమ్మదిగా పోతే ఊరివాళ్ల కోపం న్యాయమైనదే. లాస్ ఏంజిలిస్ రేవుల దగ్గర 2002లో తెరిచిన అలమేడా కారిడార్ 32 కిలోమీటర్లలో సగాన్ని నేల మట్టానికి దిగువన కందకంలో వేయడానికి ముఖ్య కారణం ఈ క్రాసింగ్‌లే. అంత ఖర్చు అందరికీ సాధ్యం కాదు. స్కూళ్లు, ఆఫీసుల వేళలు తప్పించి రైలు సమయాలు అడగడం మాత్రం అందరికీ సాధ్యమే.

రేవు లోపల

ఎక్కువ షటిళ్లు చెడేది ఇక్కడే. ఓడ నుంచి దిగిన పెట్టెలు యార్డులో కలగాపులగంగా పేరిస్తే రైలు పెట్టె ఎప్పుడూ అడుగునే ఉంటుంది. నాలుగంతస్తుల దొంతరలో అడుగు పెట్టె కోసం పైన మూడింటిని పక్కకు పెట్టాలి. ఒక పెట్టెకు నాలుగు ఎత్తులు, అయినా డబ్బు వచ్చేది ఒక్కదానికే. మందు ఒకటే: ఓడ బెర్తుకు (రేవులో ఓడ ఆగే చోటికి) రాకముందే, వీలైతే 48 గంటల ముందు, ఏ పెట్టెలు రైలుకో రేవుకు జాబితా ఇవ్వాలి. బిల్ ఆఫ్ లేడింగ్‌లోనే (ఓడ సరుకు రవాణా పత్రంలోనే) గమ్యంగా లోతట్టు టెర్మినల్ పేరు రాయిస్తే ఇది తేలిక. రైలు పెట్టెలకు లైన్ పక్కనే విడిగా స్థలం అడగండి, రాతపూర్వకంగా తీసుకోండి. కస్టమ్స్ తనిఖీ లోతట్టులోనే జరిగేలా అనుమతి తెచ్చుకోండి, లేదంటే తనిఖీకి ఆగిన ప్రతి పెట్టెకూ రైలు తప్పిపోతుంది.

బరువు, తాళాలు

2016 జులై 1 నుంచి ఓడకెక్కే ప్రతి నిండు కంటైనర్‌కూ ధ్రువీకరించిన స్థూల బరువు (పెట్టె, సరుకు కలిపి) తప్పనిసరి. ఆ అంకె ఎగుమతి పెట్టెకు రైలు టెర్మినల్ గేటులోనే అడగండి. బరువైన 20 అడుగుల పెట్టెను ఒక్కదాన్నే వ్యాగన్‌కు ఒక కొసన పెడితే ఒక బోగీ (వ్యాగన్ కింది చక్రాల చట్రం) మీద భారం పెరిగి, రెండోది తేలికై పట్టాలు తప్పే ప్రమాదముంది. దాని సరసన దాదాపు సమాన బరువున్నది పెట్టండి, లేదా ఆ వ్యాగన్ నియమం ఒప్పుకున్న చోటే ఉంచండి. ట్విస్ట్ లాక్‌లు (పెట్టె మూలలను వ్యాగన్‌కు బిగించే తాళాలు) నాలుగూ పడ్డాయా అని మనిషి నడిచి చూడాలి. దించేటప్పుడు ఒక్కటి విడిపడకపోయినా పెట్టెతో పాటు వ్యాగనూ లేస్తుంది.

ఖాళీ పెట్టెలు

దిగుమతి సరుకు లోతట్టుకు నిండుగా వెళ్తుంది. తిరుగు ప్రయాణం ఖాళీ అయితే పైన వేసిన లెక్క తలకిందులవుతుంది. షిప్పింగ్ కంపెనీలతో మాట్లాడి లోతట్టు టెర్మినల్‌నే ఖాళీలు అప్పగించే డిపోగా ఒప్పించండి. అప్పుడు దిగుమతిదారు పెట్టెను అక్కడే అప్పగించి డిటెన్షన్ (ఖాళీ పెట్టెను ఆలస్యంగా తిరిగిస్తే పడే రుసుము) నుంచి బయటపడతాడు, ఎగుమతిదారు అక్కడే ఖాళీ తీసుకుని నింపి రైలుకు ఇస్తాడు. చిన్న మరమ్మతులు, కడగడం అక్కడే జరగాలి, లేకపోతే పనికిరాని ఖాళీలు పోగుపడతాయి.

మొదటి మూడు నెలలు

ఒక్క గమ్యం, వారానికి మూడు రోజులు, నిర్ణీత వేళలతో మొదలుపెట్టండి. సరుకు వచ్చినప్పుడు రైలు వేస్తామంటే ఏ గోదామూ నమ్మదు. రైలు తప్పిన పెట్టె కోసం లారీల ఒప్పందం ఉంచుకోండి, ఆ ఖర్చు మీరే భరించండి. ప్రతి ట్రిప్పుకూ రేక్ వచ్చిన వేళ, మొదటి ఎత్తు, చివరి ఎత్తు, బయలుదేరిన వేళ రాయండి. రేక్ వచ్చాక మొదటి ఎత్తుకు పట్టే సమయం అరగంట దాటుతుంటే యంత్రాల సంఖ్య పెంచకముందు కాగితాలు ఎక్కడ ఆగుతున్నాయో వెతకండి.