గల్లా అప్పగించే ముందు

తిరుపతి బస్టాండు దగ్గర టిఫిన్ హోటలుకు తెల్లవారకముందే గిరాకీ మొదలవుతుంది. ఓనరే పొద్దస్తమానం గల్లాలో కూర్చోవడం కుదరదు. గల్లా అప్పగించేటప్పుడు చిల్లర, రెండు వేలనుకోండి, ఇద్దరూ కలిసి ఎంచి నోట్‌బుక్కులో సంతకాలు పెట్టండి. షిఫ్టు మారినప్పుడూ అంతే. ఒకే గల్లాలో ఇద్దరు చేతులు పెడితే, వంద తగ్గిన రోజు ఏ పాపమూ ఎరగనివాడు కూడా దొంగలా నిలబడాలి. అది అన్యాయం.

బిల్లులకు వరుస నంబర్లుండాలి, రద్దయినవి చింపకూడదు. కానీ అసలు బిల్లే కొట్టకుండా డబ్బు తీసుకుంటే? దాన్ని పట్టిచ్చేది సరుకు లెక్క. కాఫీకి 80 మిల్లీలీటర్ల పాలు పోస్తే లీటరుకు పన్నెండు కప్పులు రావాలి. బిల్లుల్లో ఒకటి తగ్గితే పాలు పొంగిపోయి ఉండొచ్చు. రోజూ మూడు తగ్గుతుంటే ముందు కొలగిన్నె చూడండి, తర్వాత మనిషిని పక్కకు పిలిచి అడగండి, పదిమందిలో వద్దు.

క్యూఆర్ స్టిక్కరును రోజూ స్కాన్ చేసి మీ పేరే వస్తోందా చూసుకోండి. కస్టమరు చూపించే స్క్రీన్‌షాట్ చాలదు, సౌండ్‌బాక్స్ పలకాలి.

జీతం మాత్రం చెప్పిన తేదీకే ఇవ్వండి. అడ్వాన్సు అడిగితే రాసుకుని ఇవ్వండి. అవసరానికి అడగలేని చోటే చెయ్యి గల్లాలోకి పోయే ప్రమాదం ఎక్కువ.