ఉరిశిక్ష హత్యలను ఆపుతుందా? వాదనకు దిగే ముందు ఇలా చూసుకోండి

నేను కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతాను. తీరిక దొరికితే పిల్లల్ని డిబేట్ పోటీలకు తయారు చేస్తాను. ఈ టాపిక్ రాని ఏడాది లేదు. ఒకసారి మా జట్టు అమ్మాయి స్టేజి మీద "ఒక్కరిని ఉరి తీస్తే ఎనిమిది హత్యలు ఆగుతాయి" అంది. ఆ అంకె నేనిచ్చిందే. ఎదుటి జట్టు కుర్రాడు తాపీగా "ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా తీసిన లెక్క?" అని అడిగాడు. ఆమె నా వైపు చూసింది. నేను నేల చూపులు చూశాను.

ముందు ప్రశ్న సరిచేసుకోండి. ఉరి లేని చోట హంతకుణ్ణి ఇంటికి పంపరు, ఏళ్ల తరబడి జైల్లో పెడతారు. కాబట్టి జనం శిక్షకు భయపడతారా అని కాదు, యావజ్జీవం కన్నా ఉరికి ఎక్కువ భయపడతారా అని అడగాలి. సగం వాదనలు ఇక్కడే రాలిపోతాయి.

తర్వాత, అంకె ఎక్కడ పుట్టిందో వెతకండి. ఆ ఎనిమిది ఐజాక్ ఎర్లిక్ అనే ఆర్థికవేత్త 1975లో వేసిన అంచనా. తీసుకున్నది 1933 నుంచి 1969 దాకా అమెరికా లెక్కలు. 1960లలో అక్కడ మరణశిక్షల అమలు దాదాపు ఆగిపోయింది, హత్యలు పెరిగాయి. కానీ అదే కాలంలో దోపిడీలు, దొంగతనాలు కూడా పెరిగాయి. వాటికి ఉరితో పనేముంది? చివరి కొన్నేళ్లు తీసేసి మళ్లీ లెక్కేసిన వాళ్లకు ఆ ఫలితం నిలబడలేదు. మీరూ అదే చేయండి: రెండు కొసల్లో కొన్నేళ్లు కత్తిరించి చూడండి. జవాబు తిరగబడితే ఆ అంకెను నమ్ముకోవద్దు.

ఒక్క దేశం గ్రాఫు గీత చూసి మురిసిపోకండి. కెనడా 1976లో హత్యలకు ఉరి రద్దు చేసింది, తర్వాత హత్యల రేటు మెల్లగా దిగింది. రద్దు కోరేవాళ్లకు ఇది మహా ఇష్టం. అయితే 1990లలో మరణశిక్ష ఉన్న అమెరికాలోనూ హత్యలు బాగా తగ్గాయి! పోలిక ఉన్న జంటను పక్కపక్కన పెట్టాలి. నాకు నచ్చిన జంట సింగపూర్, హాంకాంగ్. హాంకాంగ్‌లో 1966 తర్వాత ఒక్క ఉరీ లేదు. సింగపూర్ 1990ల నడుమ ఏడాదికి డజన్ల మందిని ఉరి తీసి, తర్వాత బాగా తగ్గించింది. రెండు చోట్లా హత్యల గీతలు మాత్రం దాదాపు ఒకే తీరుగా కిందికి దిగాయి.

హంతకుడి బుర్రలోంచి కూడా ఓసారి చూడండి. తాగిన మైకంలో, కోపంలో కత్తి ఎత్తినవాడు లెక్కలు వేసుకోడు. లెక్కలు వేసుకునేవాడు దొరకననుకుంటాడు.

ఇంత చెప్పాక కూడా "ఉరి భయపెట్టదని రుజువైంది" అనకండి. 2012లో అమెరికా జాతీయ పరిశోధనా మండలి కమిటీ అంతకుముందు మూడు దశాబ్దాల అధ్యయనాలు తిరగేసి, హత్యలు తగ్గుతాయనీ, పెరుగుతాయనీ, తేడా ఉండదనీ వీటిని పట్టుకుని చెప్పలేమని తేల్చింది. పోటీలో ఈ మాట చప్పగా ఉంటుంది, చప్పట్లు రావు. అయినా చెప్పిస్తాను.

బాధితులకు న్యాయం, పొరపాటున నిర్దోషి ఉరికంబం ఎక్కే ప్రమాదం, ఇవి వేరే కాగితం మీద రాసుకోండి. మా పిల్లలు వాటిని ఈ లెక్కలో కలిపేస్తే ఎర్ర పెన్నుతో కొట్టేస్తాను.