గోదావరి లోయలో భూకంపాలను నమోదు చేసే కేంద్రాలను ఒకే నెట్‌వర్క్‌గా కలపడం ఎలా

2024 డిసెంబర్ 4 ఉదయం 7:27కి వచ్చిన 5.3 తీవ్రత భూకంపం ములుగు జిల్లాలో పుట్టింది. మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్ సరిహద్దులు అక్కడికి దగ్గరే. ఇలాంటి చోట నమోదు కేంద్రాలన్నీ తెలంగాణ వైపే ఉంటే, భూకంపం చుట్టూ సగానికి పైగా దిశలు ఖాళీగా మిగులుతాయి. ఆ ఖాళీ 180 డిగ్రీలు దాటిందంటే లెక్కగట్టిన స్థానం అటో ఇటో జారుతుంది. లోతు మీద అసలు నమ్మకం ఉండదు.

కాబట్టి పరికరాలు కొనేముందు మ్యాపు వేయండి. తెలంగాణ, మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్, ఆంధ్రప్రదేశ్ నాలుగు రాష్ట్రాల కేంద్రాలూ గుర్తించి, ఏ దిశలో ఖాళీ ఎక్కువో కొలిచి, కొత్త కేంద్రం అక్కడే పెట్టండి. స్థానం, లోతు, సమయం తేలాలంటే కనీసం 4 కేంద్రాల్లో తరంగం అందాలి. 8 ఉంటే నిశ్చింత. లోతు సరిగ్గా తేలాలంటే, 10 కిలోమీటర్ల లోతు భూకంపానికి ఒక్క కేంద్రమైనా దాదాపు అంత దూరంలోనే ఉండాలి. అది అన్నిచోట్లా కుదరదు గనుక, పెద్ద కుదుపు రాగానే మోసుకెళ్లే పరికరాలు ఎవరు పంపాలో ముందే రాసుకోవాలి.

కేంద్రాలు నడిపే సంస్థల మధ్య ఒప్పందంలో పట్టుబట్టాల్సింది నిరంతర ముడి డేటా కోసం. భూకంపాల పట్టికలు మాత్రమే ఇచ్చిపుచ్చుకుంటే, అవతలివారు తప్పుగా గుర్తించిన పీ తరంగాన్ని (భూకంపం నుంచి అన్నిటికంటే ముందు చేరే తరంగాన్ని) మనం సరిచూసుకోలేం. ప్రజలకు ప్రకటించేది ఒక్క సంస్థే అని కూడా రాయండి. లేకపోతే గంట తిరక్కుండానే టీవీల్లో రెండు తీవ్రతలు తిరుగుతాయి.

డేటాను మినీసీడ్‌ అనే భూకంప డేటా ఫార్మాట్‌లో, దాన్ని ఎప్పటికప్పుడు చేరవేసే సీడ్‌లింక్ పద్ధతి ద్వారా పంపండి. మూడు ఛానళ్లు (నిలువు, ఉత్తరం, తూర్పు కదలికలు), సెకనుకు వంద చొప్పున నమూనాలు; కుదించాక రోజుకు సుమారు 40 ఎంబీ. 4జీ సిమ్ చాలు. కానీ సిమ్ మీదున్న కేంద్రానికి బయటి నుంచి నేరుగా కనెక్ట్ కావడం సాధారణంగా కుదరదు, వీపీఎన్ (ఇంటర్నెట్ మీదే ఏర్పరచుకునే ప్రైవేటు దారి) తప్పదు. లింకు తెగినా వెనకటి డేటా తిరిగొచ్చేలా కేంద్రంలోనే కనీసం వారం రోజుల నిల్వ ఉంచండి. పరికరాలు 4 వాట్లు తింటే రోజుకు 12 వోల్టుల మీద 8 ఆంపియర్-అవర్లు. 100 ఆంపియర్-అవర్ల బ్యాటరీని సగమే వాడుకుంటే, ముసురు పట్టినా ఆరు రోజులు నిలుస్తుంది.

ఇక కొంపముంచేవి చిన్న విషయాలే. జీపీఎస్ యాంటెన్నాకు చెట్టు అడ్డొచ్చి గడియారం ఒక్క సెకను తప్పితే దూరంలో 6 కిలోమీటర్ల తేడా. ఒకరు భారత కాలమానంలో, ఇంకొకరు యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక సమయంలో రాస్తే ఐదున్నర గంటలు తేడా. ఒకే భూకంపం రెండుగా నమోదవుతుంది. సంకేతాన్ని అంకెలుగా మార్చే డిజిటైజర్‌లో గెయిన్ (సంకేతాన్ని పెంచే మోతాదు) రెట్టింపు చేసి ఎవరికీ చెప్పకపోతే, ఆ కేంద్రం ప్రతి భూకంపాన్నీ 0.3 ఎక్కువ చూపిస్తుంది. ఏ మార్పు చేసినా తేదీతో స్టేషన్‌ఎక్స్‌ఎంఎల్ ఫైలు (కేంద్రం పరికరాల వివరాలుండే ఫైలు) సవరించి అందరికీ పంపడం షరతుగా పెట్టండి.

మాట మీద నమ్మకం పెట్టుకోవద్దు, పరీక్షించండి. ఇండోనేషియాలో 7కు పైబడ్డ భూకంపం వచ్చినప్పుడు, దాని దీర్ఘ తరంగాలు ఈ లోయలోని బ్రాడ్‌బ్యాండ్ కేంద్రాలన్నింటినీ (నిదానమైన, వేగమైన కదలికలు రెండూ పట్టే పరికరాలున్నవాటిని) దాదాపు ఒకేలా ఊపుతాయి. పరికర స్పందన (పరికరం తనవల్ల సంకేతంలో తెచ్చే మార్పు) తీసేసి, 20 సెకన్ల పైబడిన తరంగాలనే వడకట్టి, గీతలన్నీ ఒకదానిమీద ఒకటి పెట్టి చూడండి. తలకిందులైన గీత ఉంటే వైరింగ్ తిరగబడింది. మిగతావాటికంటే ఎత్తుగా ఉంటే గెయిన్ తప్పు. ఉత్తరం గీత పొరుగు కేంద్రం తూర్పు గీతలా కనిపిస్తే, కేబుళ్లు మారాయి.